మూడో జాడీ

వైన్ ద్రాక్ష మన ఎండలకు పండుతదా అని యూనివర్సిటీ వాళ్ళు మోతె దగ్గర చిన్న తోట పెట్టిన్రు. దాన్ని సూసుకునేది నేనే. నెల కింద తొలి పంటతో వైన్ తీసి, తీగల వరుసకొక గాజు జాడీ చొప్పున ఆరు నింపి, మూతలకు లక్క సీలేస్తుంటే తోటల పనిచేసే లక్ష్మమ్మ అడ్డమొచ్చింది.

"సాక పొయ్యకుండనే మూతలేస్తున్నవా సారూ? కొత్త కల్లు దించితే మేం తొలి చుక్కలు భూమికే పోస్తం. మనం పొయ్యకుంటే అదే తీస్కుంటది."

"ఇది కల్లు కాదమ్మా, రీసెర్చ్. చుక్క తగ్గినా కారణం రాసియ్యాలె" అని నవ్విన.

ఇయ్యాల పొద్దున గది తాళం తీసి సూస్తే, మూడో జాడీల వైన్ సీలేసిననాడు నేను గీసిన గీత కన్న గ్లాసెడు కిందికుంది. సీలు ఏసింది ఏసినట్టే ఉంది. కింద గచ్చు పొడిగ ఉంది. ఎందుకో తోటలకు నడిచిన. మూడో వరుసల మొదటి తీగ కింద అరచెయ్యంత తడి. వంగి వాసన సూసిన. వైనే.

"లక్ష్మమ్మా, నువ్వు పోసినవా?"

"తాళంచెవి నీ జేబులనే ఉండె గద సారూ" అన్నది. కలుపు తీస్తనే ఉంది, తల గూడ ఎత్తలే.

మధ్యాహ్నం మిగిలిన ఐదు సీళ్ళు నా చేతులతోనే పగలగొట్టి, ఐదు వరుసలకు తలా ఇంత పోసొచ్చిన.

రిజిస్టర్ల మూడో జాడీకి కారణం 'ఆవిరి' అని రాసిన. మిగతా ఐదింటికి 'భయం' అని రాస్తే యూనివర్సిటీ ఒప్పుకుంటదా? జర మీరే చెప్పున్రి.