అక్క బండి ఆగుతుంది
మా అక్క పోయింది. సూలూరు పక్కన మా తోటలో అందరికీ తెలుసు, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. సొంత అక్క కాదు, నా తోడికోడలు. ఈ ఇంటికి వచ్చిన నాకు తరి, అదే మగ్గం, నడపడమూ ఎదురు చెప్పడమూ నేర్పింది ఆమే. నాకు రాత రాదు, మనవరాలు రాస్తోంది. ఒక్క మాట తగ్గించినా ఊరుకోను.

కర్మ ముగిసిన మర్నాడే అక్క కొడుకు ఆమె పాత ఏటీవీని, కొబ్బరికాయలు లాగే ఆ నాలుగు లావుచక్రాల బండిని, పాత ఇనుముకు వేస్తానన్నాడు.

"బ్రేకు పట్టదు చిన్నమ్మా. కాయిలాన్ కడకి పోనీ."

"మీ అమ్మ మంచాన పడినంక ఎవుడన్నా దాన్ని తిరిగి చూసినాడా? నేను చూపిస్తా, రా!"

తరి నేసే ఇళ్ళు మావి. తలుపు కీలుకూ, బావి గిలకకూ, కుట్టుమిషనుకూ తరి నూనే. కొత్తలో అక్క దాన్నే బ్రేకు డబ్బాలోనూ పోసింది. లోపలి రబ్బర్లు ఉబ్బిపోయాయి. బ్రేకు పట్టక ఇద్దరం పోయి పేడదిబ్బలో పడ్డాం. "ఏమే, మెత్తగానే దించినా కదా!" అని నవ్వింది. తర్వాత మెకానిక్కు పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. బ్రేకు ఆయిల్ సీసా మూతికి గుర్తుగా ఎర్రగుడ్డ కట్టింది.

"మొదలు చూడు, ఆనక విప్పు" అనేది.

చూశాను. ప్యాడ్లు మందంగానే ఉన్నాయి. బ్రేకు పిడి మాత్రం మెత్తగా హ్యాండిల్ దాకా దిగిపోతోంది. గొట్టం జాయింటు తడిగా ఉంది, డబ్బా అడుగంటింది. గాలే! లోపల గాలి చేరింది! నాకు ఆత్రం ఆగలేదు. వాషరు మార్పించి, కొత్త సీసా తెప్పించి, పాత ఎర్రగుడ్డ నేనే దానికి కట్టాను.

గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఎప్పుడూ పిడి దగ్గర నేను, చక్రం దగ్గర అక్క. ఈసారి పిడి అక్క కొడుక్కి ఇచ్చి, అక్క చోట నేను కూర్చున్నాను.

"నొక్కి పట్టుకో. నేను 'విడు' అనేదాకా విడిచినావో, చెవి పిండుతా!"

"నాకే మనవడుండాడు చిన్నమ్మా!"

"ఉంటే? వాడి చెవీ పిండుతా."

చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర, నిపుల్, వదులు చేస్తే దానికి తొడిగిన సన్నగొట్టంలో బుడగలు, వెనకే డికాషన్ రంగు నూనె. బిగించి, "విడు" అన్నాను. డబ్బా తగ్గినప్పుడల్లా పోస్తూ, మళ్ళీ నొక్కు, మళ్ళీ విడు. బుడగలు ఆగాయి. పిడి గట్టిగా నిలబడింది! నా కేకకు కొబ్బరి వలిచేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

చదును నేలమీద బ్రేకు పట్టి చూసుకుని, కాలవకు దిగే వాలుకు పోయాం. వాడు తోలాడు, వెనక నేను.

"పట్టు!"

గట్టు మీదే ఆగింది.

"ఏంరా, కాయిలాన్ కడకి పోదామా?"

"ఎవుడు అనింది?" అన్నాడు, తల తిప్పకుండా.

"సరి, విడు."

వాడు విడవలేదు. అమ్మ చెయ్యి తగిలి నునుపెక్కిన ఆ పిడిని, నాలుగు వేళ్ళతో అలాగే పట్టుకుని కూర్చున్నాడు.