కట్టినవాడే విప్పాలి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. గోదావరి గట్టు మీద పంపుహౌస్‌లో నలభై ఏళ్ళు పనిచేశాను. చదివింది ఐదో తరగతి. మోటారు పుస్తకాలు అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. శబ్దం తేడా వస్తే బేరింగు చూసుకోవాలి గాని తాయెత్తు కట్టకూడదని పదిమందితో పోట్లాడినవాణ్ణి. ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ జరిగింది.

నాకు పని నేర్పింది వీర్రాజు గారు. పంపంటే ఆయనకు చంటిబిడ్డ. ముందు దాని కడుపు నిండా నీళ్ళు పోసి గాలి తీయాలి. నీళ్ళు బయటికి వదిలే డెలివరీ వాల్వు మూసి ఉంచే మోటారు వేయాలి, వేగం అందుకున్నాక మెల్లగా తిప్పాలి. షాఫ్టు చుట్టూ నీళ్ళు ఆపడానికి బిగించే గ్లాండు నుంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతూనే ఉండాలి. ఆ చుక్క ఆగేలా బిగించారంటే షాఫ్టు కాలిపోతుంది. ఇప్పటివాళ్ళు దాన్ని లీకేజీ అంటారు! మోటారు వేసేముందు ఆయన స్పానర్‌తో పంపు మీద మూడు దెబ్బలు కొట్టేవారు, అందరూ పక్కకి తప్పుకోండని.

వీటన్నిటికన్నా పెద్ద నియమం తువ్వాలు. పంపులో చెయ్యి పెట్టే ముందు కరెంటు తీసేసి, మెయిన్ స్విచ్ పిడికి తువ్వాలు ముడివేయాలి. అది ఉన్నంతసేపు స్విచ్ ఎవరూ ముట్టుకోకూడదు. కట్టినవాడే విప్పాలి. "మంత్రిగారొచ్చి అడిగినా సరే, ఇంకోడు ఇప్పాడంటే చెయ్యి ఇరిచేత్తాను" అనేవారు వీర్రాజు గారు.

ఆయనది ఎర్ర గళ్ళ తువ్వాలు. ఒక మూల బీడీ నిప్పు పడి చిల్లయితే వాళ్ళావిడ నీలం దారంతో కుట్టింది. ఆయన పోయినప్పుడు ఆ తువ్వాలు ఆయన మీద కప్పింది నేనే. చితి మీద అది కాలడం నా కళ్ళతో చూశాను.

ఇక నిరుడు వరినాట్లప్పటి సంగతి. చేలు నెర్రెలు విచ్చుకుంటున్నాయి. పంపేమో నీళ్ళు లాగడం మానేసి, లోపల కంకర వేసి తిప్పినట్టు మోత. రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచారు. ఇనుప కమ్మీ ఒక కొస పంపుకీ, రెండో కొస చెవికీ ఆనించి విన్నాను. లోపలి చక్రానికి చెత్త చుట్టుకుంది. ఫిట్టరు సత్తిబాబు పక్క మూత విప్పాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వాడి దగ్గర తువ్వాలు లేదు, టీషర్టు మనిషి. మెయిన్ దింపి, నా తువ్వాలు తీసి పిడికి కట్టాను.

కొత్త ఇంజనీరు వచ్చి ఆ ముడి విప్పేసి, మెయిన్ మళ్ళీ పైకి వేసేశాడు!

"ఏంటండీ తాతగారూ, ఇదేమన్నా బట్టలారేసుకునే దండెమా? ఇప్పుడిది ఫోన్‌తో తప్ప స్టార్ట్ అవ్వదండి. ఫోన్ నా జేబులోనే ఉంది."

"పోనీ మెయిన్ దింపండి" అన్నాను.

"దింపితే సెట్టింగులు పోతాయండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరెళ్ళి టీ తాగి రండి బాబాయ్, పావుగంటలో లాగేత్తాను" అని సత్తిబాబు సర్దిచెప్పాడు. తువ్వాలు భుజాన వేసుకుని విసవిసా బయటికి నడిచాను. నా తప్పు అక్కడే. నా కోపం నేను చూసుకున్నాను. వాడి చేతుల సంగతి మరిచాను.

ఆ ఇంజనీరు మెరక మీద నీళ్ళు పడే తొట్టి దగ్గరకు పోయాడు. కిలోమీటరు దూరం. రైతులు చుట్టుముట్టి గోల. పని అయిపోయిందా అని ఈయన అడిగితే ఎవరో "ఆయ్, అయిపోయే ఉంటదండి" అన్నారట. అంతే, ఫోన్ నొక్కాడు.

నేను టీ కొట్టులో గ్లాసు ఎత్తాను. మిట్టమధ్యాహ్నం. పంపుహౌస్ వైపు నుంచి ఇనుము మీద ఇనుము. టంగ్. టంగ్. టంగ్. కొట్టతనికి ఏమీ వినబడలేదట. గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాను. డెబ్బై దాటిన కాళ్ళతో ఎలా పరిగెత్తానో తెలియదు.

సత్తిబాబు మోచేతుల దాకా రెండు చేతులూ పంపులో పెట్టి ఉన్నాడు. స్విచ్ ప్యానెల్ మీద కరెంటు ఉందని చెప్పే మూడు దీపాలూ వెలుగుతున్నాయి. మెయిన్ పిడి పైకే ఉంది. దానికి ఎర్ర గళ్ళ తువ్వాలు ముడివేసి ఉంది, నీళ్ళోడుతూ. ఒక మూల నీలం దారం కుట్టు.

"చేతులు తియ్యరా!" అని అరిచాను.

వాడు గుర్రపుడెక్క, నైలాను వల కలిసిన ముద్దతో చేతులు బయటికి లాగాడు. "ఎందుకు బాబాయ్ అంత కేక? మళ్ళీ తువ్వాలు కట్టించారుగా. అది చూసేగా ధైర్యంగా చెయ్యెట్టాను" అన్నాడు. నా తువ్వాలు నా భుజం మీదే ఉంది.

అప్పుడే వాడి ఫోన్ మోగింది. స్పీకర్లో ఇంజనీరు గొంతు: "ఏంటండీ సత్తిబాబు గారూ, నాలుగుసార్లు నొక్కాను. మోటార్ ఆన్ అనే వస్తోంది, నీళ్ళేవండీ?"

సత్తిబాబు తన చేతులు చూసుకున్నాడు. పంపు దగ్గర్నుంచి దూరంగా జరిగాడు. నేను వాడి భుజం పట్టుకుని, తిరిగి ప్యానెల్ వైపు చూశాను. పిడి ఖాళీ. కింద సిమెంటు మీద చిన్న నీటిమడుగు. గదిలో మేమిద్దరమే.

ఇంజనీరు బండి మీద వచ్చాడు. మూత బిగించి, నీళ్ళు పోసి, గాలి తీసి, వాల్వు మూసి, "ఇప్పుడు నొక్కండి" అన్నాను. ఒక్క నొక్కుకే మోటారు గుర్రుమని లేచింది.

తర్వాత ప్యానెల్ తయారుచేసినవాళ్ళు వచ్చి రెండు రోజులు విప్పి చూశారు. ఎక్కడా లోపం లేదన్నారు. ఇప్పుడు ఆ ఇంజనీరు తనే మెయిన్ దింపి, తన చేతిరుమాలు పిడికి కట్టి గాని ఎవరినీ చెయ్యి పెట్టనివ్వడు.

ఎండ దెబ్బ అన్నారు, ముసలితనం అన్నారు. సరే, నా కళ్ళు ముసలివి. సత్తిబాబువి కావుగా! పైగా వాడు వీర్రాజు గారిని ఎన్నడూ చూసి ఎరగడు. నీలం కుట్టు ఏ మూల ఉందో మాత్రం నేనడగకుండానే చెప్పాడు.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. అది ఎవరు కట్టారో కూడా చెప్పలేను. కట్టినవాడే విప్పాలన్నది మా నియమం. ఆ రోజు మేమిద్దరం ఆ ముడిని ముట్టుకోలేదు.