తొందరమ్మ తీసేసిన ఎదురుచూపు

వాతావరణ కేంద్రంలో ఆమెను తొందరమ్మ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారోగానీ ముద్దుగానే పెట్టారు. లిఫ్టు దిగేలోగా మెట్లెక్కేసే మనిషి, ఆలస్యం అమృతం విషం అని రోజూ ఎవరికో ఒకరికి అప్పజెప్పే మనిషి. ఆమెకు జీతమిచ్చేది కూడా ఆ తొందరకే. రేపటి వాన లెక్క ఒక్క కంప్యూటర్ వల్ల అయ్యేది కాదు. ఆకాశాన్ని ముక్కలు చేసి హాలునిండా ఉన్న కంప్యూటర్లకు పంచుతారు. ప్రతిదీ తన ముక్క లెక్క వేసుకుని, అంచు దగ్గరి అంకెలను పక్కదానికి తీగ మీద పంపాలి. అవి అందేదాకా ఆ పక్కది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆ కూర్చోవడాన్ని తగ్గించడమే తొందరమ్మ ఉద్యోగం. అంకెలు దారిలో ఉండగానే వేరే లెక్క చేయించేస్తుంది. ఆ పనిలో ఆమెది అందెవేసిన చెయ్యి.

అదే విద్య ఇంట్లోనూ చూపించబోయింది, చిక్కు అక్కడొచ్చింది. భర్తది పుస్తకాల కొట్టు. వచ్చినవాళ్ళు కొనాల్సిన పుస్తకం మరిచిపోయి కబుర్లు మోసుకెళ్ళేవారు, అంత మాటకారి. పక్షవాతం వచ్చాక చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయిగానీ మాట రాలేదు. మాటలు నేర్పే డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించింది: మీరు మాట అందించొద్దు, ఎంతసేపైనా ఆయన్నే వెతుక్కోనివ్వండి, అందిస్తూ పోతే వెతకడమే మానేస్తారు, ఇక మాట తిరిగి రాదు. తొందరమ్మ బుద్ధిగా తలూపింది. సాయంత్రానికి మరిచిపోయింది. ఆయన నోరు తెరిస్తే చాలు, మంచినీళ్ళా, దిండా, ఫ్యానా అని అడిగేసేది. మొదట్లో ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఈమధ్య దేనికైనా సరేనని ఊపేస్తున్నాడు. దాహం లేకపోయినా నీళ్ళు తాగి పడుకుంటున్నాడు. ఆమెది ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆయన అవస్థ చూడలేకపోయేది, అంతే.

ఒకరోజు ఆఫీసులో కొత్త ప్రోగ్రాంను పరీక్షిస్తూ, అందులో ఒకచోట ఎదురుచూపు దండగ అనిపించి తీసేసింది. ప్రోగ్రాం పరుగందుకుంది. తెరమీద వానపటం మాత్రం నిట్టనిలువునా చీలింది. గీతకు ఇటు కుంభవృష్టి, అటు చుక్క లేదు. తప్పు తీగదేనని నెట్‌వర్క్ చూసే పెద్దాయన మీదికి ఎగిరింది. ఆయన తాపీగా అంతా వెతికి చూశాడు.

"అంకెలు అందాయమ్మా, కాస్త ఆలస్యంగా. నీ ప్రోగ్రాం ఆగలేదు. పాతవే కొత్తవనుకుని ముందుకెళ్ళిపోయింది."

తొందరమ్మ తీసేసినదాన్ని మళ్ళీ పెట్టింది. పెడుతుంటే భర్త గ్లాసు పట్టుకుని తలూపడం కళ్ళముందు ఆడింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన నోరు తెరిచి, ఈవిడ ఏమంటుందోనని అలవాటుగా మొహంలోకి చూశాడు. ఆమె ఏమీ అనలేదు. ఆయన పెదవి వణికింది. నుదుటి మీద చెమట పట్టింది. నాలుక చివరిదాకా వచ్చిన దిండునూ ఫ్యానునూ ఆమె మింగేసింది. ఇంతకన్నా కష్టమైన పని ఆమె ఏ హాలులోనూ చెయ్యలేదు.

"నీ చేతికి..." అని ఆగిపోయాడు. చాలాసేపటికి మిగతాది దొరికింది. "ఏమైంది?"

ఆమె చెయ్యి చూసుకుంది. మణికట్టు మీద కుక్కర్ మూత తగిలి కాలిన చోటు. పొక్కి, చితికి, అప్పుడే మానుముఖం పట్టింది కూడా. ఏ హడావిడిలో కాలిందో ఆమెకే గుర్తులేదు. ఇన్నాళ్ళూ ఆయన తనకేదో కావాలని అడుగుతున్నాడనే అనుకుంది.

జవాబు చెబుదామంటే గొంతు పెగల్లేదు. ఆయన తొందరపెట్టలేదు. ఆమె మొహంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు.