మావయ్య కోసం బుజ్జి ప్రార్థన

ఆ రోజుల్లో చంటిపిల్లల మాటలు కూడా ఒక శాస్త్రమంటే మా వైపు నవ్వేసేవారు. మాటలు ఆలస్యమైతే వసకొమ్ము అరగదీసి నాకించడమే మాకు తెలిసిన పరిశోధన. బందరు ట్రైనింగు కాలేజీలో మా లెక్చరరు గారు మాత్రం (చాటున మేం 'కళ్ళజోడు' అనేవాళ్ళం) "ఎన్ని మాటలొచ్చో లెక్కపెట్టడం పాతబడిందోయ్! పిల్లలు వాక్యం ఎలా కడుతున్నారో చూడ్డం ఇప్పటి పద్ధతి. బడికెళ్ళని పసివాళ్ళ మాటలు రాసుకురండి. తేలేదో, ప్రాక్టికల్ పోయినట్టే" అన్నారు. అది పోతే నా మేష్టరుద్యోగమూ పోయినట్టే.

గుడివాడలో మా అక్క కూతురు బుజ్జికి మూడేళ్ళు దాటాయి. ఇంకేం, సెలవులకి అక్కడ దిగాను. నేను పెన్సిలు తీయడం, అది మూతి బిగించడం! ఆవు బొమ్మ చూపించి "ఇదేంటమ్మా?" అంటే నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయేది. పిప్పరమెంట్లిచ్చాను, గుర్రమయ్యాను (మోకాళ్ళు దోక్కుపోయాయి), చివరికి అంబా అని కూడా అరిచాను. ఊహూఁ. "దీనికసలు మాటలొచ్చా అక్కా?" అంటే, "చాల్చాల్లే, నోరు తెరిస్తే మూసేది కాదు. నువ్వే జడిపించుంటావు" అంది. రేపు కాలేజీ అనగా నా కాగితం తెల్లగానే ఉంది.

మా క్రైస్తవుల ఇళ్ళలో సాయంత్రం కుటుంబ ప్రార్థన. కళ్ళు మూసుకుని చిన్నాపెద్దా ఒక్కొక్కరే పైకి ప్రార్థించాలి. ఆ వేళకి నేను రోజూ ఏదో వంకతో బజారుకి జారుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం దిగులుతో కదల్లేకపోయాను. బావ వంతు అయింది, అక్క వంతూ అయింది. తర్వాత బుజ్జి మొదలెట్టింది.

"యేసయ్యా, మా ఆవుకి దూడ పుడితే నాకు చూపించమని నాన్నకి చెప్పు. నిన్న వాన రాకపోతే అమ్మ బజారుకి తీసుకెళ్ళేది. అయినా నాకు కోపం లేదులే. మావయ్యకి పాపం ఏం తెలీదు. ఆవుని చూపించి ఇదేంటి అంటాడు. ఇంత పెద్దోడయ్యాడు, ఆవంటే తెలీదు. తొందరగా మాటలు నేర్పించు యేసయ్యా. ఆమేన్."

బావ భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. నేను మాత్రం ఆ మాటల్నే మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. పుడితే, రాకపోతే, అయినా! కూర్చోబెట్టి ఎవరు నేర్పారు దీనికి? జరగని సంగతిని కూడా జరిగినట్టు ఊహించి వాక్యం కట్టేసిందే! జేబులో పెన్సిలుంది గానీ చెయ్యి పోలేదు. దేవుడికి చెప్పుకునే మాట రాసుకుంటామా?

మర్నాడు కళ్ళజోడు గారికి ఖాళీ కాగితమిచ్చి, జరిగింది జరిగినట్టు అప్పజెప్పాను. ఆయన నవ్వి, మళ్ళీ చెప్పించుకున్నారు. ఆనక "పిల్లలకా వాక్యాలు ఎలా వస్తాయో మాకూ తెలీదోయ్. పాసయ్యావు, పో" అన్నారు.

తర్వాత బతుకంతా పిల్లలకి పాఠాలు చెప్పాను. కానీ ఇప్పటికీ ఏ పసిపిల్ల నోట 'వాన రాకపోతే' అని వినబడినా నోరు తెరుచుకుని నిలబడిపోతాను, ఒక్క మాటా రాదు. పాపం బుజ్జి ప్రార్థన, దేవుడింకా ఆలకించినట్టు లేదు.