ప్రార్థన చేసిన కత్తులు

మా సంఘం వంట పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెళ్లి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. చేసింది మా చర్చి యువజన సంఘం కార్యదర్శి. "అక్కా, పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్సీల కూసున్నదట. కోడలు కప్పు తీస్కపోదామని వచ్చి సూసేసరికి అయిపోయింది," అన్నాడు. నేను మొదట అడిగిన మాట బాధపడిందా అని. "లేదక్కా. చేతిల కప్పు సుత కింద పడలే," అన్నాడు. ఏడుపొచ్చింది, కానీ ఆ ఏడుపు వెనకే గుండె తేలికపడింది. మంచాన పడి ఇంకొకరు వండింది తినాల్సి రావడం కన్నా పెద్ద శిక్ష ఆమెకు లేదు. దేవుడు ఆమెను, వండిపెట్టాల్సిన వాళ్లను కూడా కనికరించాడు.

ఆమె నాకు చుట్టం కాదు. సుల్తానాబాద్‌లో మా చర్చి వెనక ఉన్న రేకుల షెడ్డులో పెళ్లికైనా, చావుకైనా, పండుగకైనా పొయ్యి ముట్టించేది ఆమె. అందుకే చిన్నా పెద్దా అందరికీ పెద్దమ్మే. వంటకు వచ్చే ఆడవాళ్లం ఎవరి కత్తి వాళ్లం తెచ్చుకుంటాం. తారుమారు కాకుండా పిడికి ఒక్కొక్కరం ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టుకుంటాం. నాది లేడీస్ టైలరింగ్ షాపు కాబట్టి పేలికల సరఫరా నాదే. ఉల్లిగడ్డ మీద కత్తి పెట్టకముందు అందరం పెద్దమ్మ ముందు వరుసగా నిలబడాలి. ఆమె ఒక్కో కత్తిని తీసుకుని, పిడి ఒక చేత, పిడిని ఆనుకుని ఉన్న కత్తి రేకు ఒక చేత పట్టుకుని గట్టిగా గుంజి చూసేది. కదలకపోతే పనిలోకి. కొంచెం కదిలినా ఆ కత్తి బకెట్లోకి, దాన్ని తెచ్చిన మనిషి వెల్లుల్లి పొట్టు తీసే పనికి.

ఈ గుంజే అలవాటు చివరికి ఆమె చేతులకే పట్టుకుంది. టీ కప్పు చెవి గుంజేది. నా షాపుకొస్తే కత్తెర గుంజేది. ఆదివారం మేము గుడి అనే ఆ చర్చి బయట వందనాలు చెప్పి చెయ్యి కలిపినా ఒక గుంజు గుంజి వదిలేది. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ మొదటిసారి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంటే, "ఫికర్ జేయకమ్మా, గట్టిగనే ఉన్నవు," అంది.

అలాంటి మనిషి ఒక్కసారి మాత్రం గుంజి చూడలేదు.

యువజన సంఘం పిల్లలు ఆమె కష్టం చూసి, వంటశాలకు ఒక పెట్టెడు కత్తులు ఆన్‌లైన్‌లో తెప్పించారు. పెట్టె మీద అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ పేరు. నల్లటి పిడులు, అద్దాల్లా మెరిసే రేకులు. సగం ధరకే దొరికాయని పిల్లలకు ఒకటే సంబరం. మాకొక పద్ధతి ఉంది. గుడికి ఏది ఇచ్చినా, చాప అయినా చెంబు అయినా, ముందు బల్ల మీద పెట్టి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. కత్తుల మీదా చేశారు. ఆ వారంలోనే ఒక పెళ్లి వచ్చింది. పెద్దమ్మ మా కత్తులన్నీ గుంజింది, కొత్తవాటిని మాత్రం అలాగే పంచిపెట్టింది. ప్రార్థన అయినదాన్ని పరీక్షించడం ఆమెకు తప్పుగా తోచింది.

నాకు ముదిరిన గుమ్మడికాయ వచ్చింది. చేతికొచ్చిన కొత్త కత్తి దించి బలంగా నొక్కాను. పిడి నా చేతిలోనే ఉంది, రేకు ఊడి తిరిగి నా బొటనవేలి మొదట్లో దిగింది. పిడిలోపల రేకు గోరంత మాత్రమే ఉందట, మిగతాదంతా జిగురు. అది నేను తర్వాత చూశాను. అప్పుడు చూసింది నా రక్తం, పెద్దమ్మ ముఖం. ఏది ఎక్కువ భయం పుట్టించిందో చెప్పలేను.

ఆటోలో కరీంనగర్ ఆస్పత్రికి పోయేదాకా నా చెయ్యి తన కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుంది. బొటనవేలు వంగకపోతే సూది ఎలా పట్టుకోవాలి, కత్తెర ఎలా ఆడించాలి? నా బతుకంతా ఆ వేలి మీదే ఉంది. పెద్దపల్లి నుంచి వచ్చే లారీల హారన్ల మధ్య ఒక్కమాటే అంది. "దేవుడు ప్రార్థన ఇన్నడు బిడ్డా. గా కత్తి చేసినోడు ఇనలే. నేను గుంజి సూడాల్సి ఉండె."

కుట్లు విప్పిన రోజు డాక్టరు వేలు వంచమన్నాడు. వంచాను. వంగింది. నేను ఇంకా నమ్మలేక చూస్తుంటే పెద్దమ్మ నా బొటనవేలు పట్టుకుని, కత్తి పిడిని గుంజినట్టే మెల్లగా గుంజింది. "గట్టిగనే ఉన్నది. పో, జాకెట్లు కుట్టుకో," అని అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అసలు పంచాయితీ ఆ తర్వాత మొదలైంది. తోముతుంటే కత్తుల మీది కంపెనీ పేరు పీచుకు అంటుకుని వచ్చేసింది. అసలు కంపెనీ కత్తి మీద పేరు రేకులోనే చెక్కి ఉంటుందని కార్యదర్శి కరీంనగర్‌లో షాపుకు పోయి చూసి వచ్చాడు. వాపసు పంపడానికి గడువు ఇంకా ఉందన్నాడు. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. "దేవునికిచ్చిన సామాను మళ్ల అంగడికి ఎట్ల పంపుతం?" అన్నారు. ఆ చర్చ తెగేలోపు గడువు దాటింది. ఫిర్యాదు పెడితే ఆ అమ్మకందారు ఇప్పుడు లేడని జవాబొచ్చింది. అదే ఫోటోతో అవే కత్తులు మాత్రం ఇంకో పేరుతో అమ్ముడుపోతూనే ఉన్నాయి. కొన్నవాళ్ల అభిప్రాయం రాయమని కింద ఖాళీ ఉంటే పెద్దమ్మే కార్యదర్శితో చెప్పి రాయించింది: "రాయి కొడుకా. గీ కత్తికి పిడి నిలువదు, అమ్మినోడు ఊర్లె నిలువడు."

పారేయడానికి వీల్లేదు, వాడడానికి వీల్లేదు. కోత పండుగకు కానుకలతో పాటు వేలం వేస్తే సరి అని తేల్చారు. పెద్దమ్మ అడ్డుపడింది. "ఒకరి చెయ్యి తెగింది సాలదా?" అంటే, "ఉల్లిగడ్డలకు పనికొస్తయి తీ," అని నవ్వేశారు.

మా కోత పండుగ వేలంపాట చూడని వాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్కడ ధర వస్తువును బట్టి ఉండదు, మనిషిని బట్టి ఉంటుంది. అందరికీ ఇష్టమైన వాళ్లు ఒక నిమ్మకాయ పాడినా పోటీపడి ఎగదోస్తాం, అది మర్యాద. కత్తుల పెట్టె లేవగానే పెద్దమ్మ చెయ్యెత్తింది. ఎన్నడూ పాడని పెద్దమ్మ పాడేసరికి గుడంతా హుషారైంది. ఆమె ఒకటంటే ఈ మూల నుంచి ఇంకొకటి, ఆ మూల నుంచి మరొకటి. ఎవరికీ కత్తులు అక్కరలేదు, పెద్దమ్మ మీద ప్రేమ, అంతే. ఆ ప్రేమకే ఆ పెట్టె ఎవరి ఇంటికో పోయేటట్టుంది. లేచి నిలబడి, ఇంకా ఎర్రగా ఉన్న నా బొటనవేలు పైకెత్తాను.

"గిది గా కత్తి కోసిందే. ఎవరింటికి కావాలె?"

లేచిన చేతులు దిగిపోయాయి. పెద్దమ్మ నాలుగు దిక్కులా చూసి, "ఇగ ఎవలన్న పాడుతరా?" అంది. ఎవరూ పాడలేదు. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి పోతుంటే ఆమె నడక నాకు పెళ్లికూతురి నడకలా కనిపించింది.

పాత సామాను వాడికి వేస్తే మళ్లీ ఎవరి చేతికి చేరతాయోనని ఆమెకు భయం. అంచులు బండకేసి రాసి మొండి చేసింది. పెరట్లో కోళ్లు తవ్వి పాడుచేస్తున్న పుదీన మడి చుట్టూ పిడుల దాకా భూమిలోకి దిగ్గొట్టింది. దేవుని సామాను పారేయలేదు, మనుషుల చేతికీ ఇవ్వలేదు. ఆ తర్వాత ప్రార్థన అయిన వస్తువునైనా ఆమె గుంజకుండా వదల్లేదు. అయ్యగారు కళ్లు తెరవకముందే బల్ల దగ్గరికి పోయేది.

మొన్న ఆమెను తలుచుకుని ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు వంట మేమే చేశాం. పొయ్యి ముట్టించాక కత్తులు పట్టుకుని అందరం అలవాటు కొద్దీ వరుసగా నిలబడ్డాం, ముందు మనిషి లేదు. కాసేపటికి ఎవరి కత్తి వాళ్లమే గుంజి చూసుకుని పనిలో పడ్డాం. బగారన్నంలోకి పుదీన కావాలంటే నేను ఆమె పెరట్లోకి వెళ్లాను. మడి పచ్చగా, ఒత్తుగా పెరిగి ఉంది. చుట్టూ నల్లటి పిడులు సగం ఆకుల్లో మునిగిపోయాయి, ఒకదాని మీద కోడిపిల్ల నిలబడి ఉంది. నేను కూర్చుని బొటనవేలితో ఒక్కొక్క కొమ్మే తుంచి ఒడిలో వేసుకున్నాను.