నాటకానికి నేను వేసిన మార్కులు

“దివిటీ పట్టవే చెలియా, దేవేరి మోము చూతాము... చమురు పోయవే చెలియా...” ఆ పైన ఇంకేదో ఉంది. చమురు పోశాక ఏమైందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. మా ఊరికి నాటకాలవాళ్ళు వచ్చినప్పుడు ఆడపిల్లలం పాడుకునేవాళ్ళం. అప్పట్లో నాటకమంటే చాప పరుచుకుని చూడటమే. దానికి మార్కులుంటాయని నాకేం తెలుసు? మొన్న శనివారం నాంపల్లిలో ఆ మార్కులు నేనే వేశాను. వేసి, మా పక్కవాటా సత్యం చేతికి అందబోయే కప్పు ఊడగొట్టాను. ఎలాగో వినండి.

సత్యం సర్కారు ఆఫీసులో గుమాస్తా. మాలాగే కోస్తా నుంచి వచ్చి ఆబిడ్స్‌లో కిరాయికి ఉంటున్నాడు. పన్నెండేళ్ళుగా నాటకాలాడుతున్నాడు, ఒక్క బహుమతీ రాలేదు. ఈసారి ఆఫీసుల నాటక పోటీలకు ముందు అతని భార్య అనసూయ తేల్చి చెప్పేసింది. ఉత్తమ నటుడి కప్పు తెస్తే సరే, లేకపోతే నాటకాలు బంద్. మొగుడు సాయంత్రం ఇంటిపట్టున ఉంటే ఎలా ఉంటుందో తనకూ చూడాలనుందట.

మధ్యాహ్నం మూడింటికి ఆట. నేనూ అనసూయా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం. ముగ్గురు జడ్జీల్లో ఒకాయనకు జ్వరం వచ్చిందని కబురొచ్చింది. చదవడం రాయడం వచ్చిన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని కార్యదర్శి వరసల మధ్య తిరుగుతున్నాడు. అనసూయ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

“మా పిన్నిగారికి చదువొచ్చండీ.”

చూడండి, నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. మహిళా మండలిలో మధ్యాహ్నం క్లాసుకు వెళ్ళి నేర్చుకున్నాను. నాకు చదువొచ్చని నలుగురిలో ఒకరు అనడం అదే మొదటిసారి. ఇక కాదనడానికి నోరెలా వస్తుంది? మాది పక్కవాటా అన్న సంగతి కార్యదర్శికి అనసూయ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒక జడ్జీ తనవైపు ఉన్నట్టేనని దాని ధీమా.

కాగితం ఇచ్చారు. నటన, రంగోద్దీపనం, శబ్దం, సామాను అని గళ్ళు గీసి ఉన్నాయి. ఆ రెండోది కూడబలుక్కుని చదివేసరికి మొదటి రంగం అయిపోయింది. లైట్లేనండీ, ఇంకేం కాదు. లైట్లని రాస్తే ఏం పోయింది వాళ్ళకు?

మొదటి నాటకం వేరే ఆఫీసువాళ్ళది. ఒక రాజు, ఒక మంత్రి, బోలెడు కేకలు. రాజుకు పదికి ఐదు వేశాను. రెండోది సత్యం వాళ్ళది. నాంపల్లిలో ఒక కిరాయి ఇల్లు, అందులో ఒక గుమాస్తా. సామాను దగ్గర నాకు నచ్చలేదు. ఆ ఇల్లాలు నాటకం పొడుగునా ఒకే వంకాయ తరుగుతూ కూర్చుంది. తల్లి పోయిందని టెలిగ్రాం వచ్చింది. సత్యం భోరుమన్నాడు. కానీ ఏడుస్తూ ఒక కన్ను మా జడ్జీల వైపే పెట్టాడు. మా ఆయన పోయినప్పుడు ఎవరు చూస్తున్నారో నాకు తెలీనే లేదు. ఎంత మనవాడైనా నాలుగు కంటే వెయ్యబుద్ధి కాలేదు.

అంతలో దీపాలు ఆరిపోయాయి. ఇంట్లో చావు కబురు, పైన చీకటి. ఎంత బాగా ఆలోచించారో అనుకున్నాను. వెనక వరసల్లోంచి ఈలలు, దగ్గులు, అచ్చం మా గల్లీలాగే. శబ్దానికి పది, లైట్లకు పది. అప్పుడొచ్చాడండీ ఒక మనిషి, టార్చీ, స్టూలు పట్టుకుని. ఎవరివైపూ చూడలేదు. స్టూలెక్కి తీగ ముట్టుకుని, ఒళ్ళంతా వణికి, కిందపడి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. “జర నీళ్ళియ్యున్రి సారూ” అన్నాడు. సత్యం ఏడుపు ఆపి నీళ్ళిచ్చాడు. ఆ మనిషి తాగి, మళ్ళీ ఎక్కి, దీపం వెలిగించి, స్టూలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా కళ్ళు చెమర్చాయి. పరాయి ఇంటి కష్టంలో తన కష్టం కూడా మింగి పని చేసుకుపోయే బీదవాణ్ణి ఇంత చక్కగా ఆడి చూపించిన వాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మిగతా ఇద్దరు జడ్జీల్లో ఒకరు రాజుకు వేశారు, ఒకరు సత్యానికి వేశారు. ఇక నా కాగితమే తేల్చాలి. కార్యదర్శి దాన్ని విప్పి, ఉన్నదున్నట్టు మైకులో చదివేశాడు: “ఉత్తమ నటుడు, స్టూలెక్కిన ఆయన.”

హాలంతా గొల్లుమంది. నాకు అర్థం కాలేదు. ఆ స్టూలాయన్ని తెర వెనక నుంచి పట్టుకొచ్చారు. హాల్లో కరెంటు పనిచేసే యాదగిరట. చేతికి గుడ్డ చుట్టుకుని, బిత్తరపోయి నా ముందు నిలబడ్డాడు.

“యాక్టింగ్ ఎక్కడిదమ్మా? కరెంటు గుంజింది. చెయ్యి ఇంకా తిమ్మిరి పోలే.”

కార్యదర్శి గడ్డం గోక్కుని, పోనీ ఆ ఇద్దరికీ మీరు వేసిన మార్కుల ప్రకారమే పోదామన్నాడు. రాజుకు ఐదు, సత్యానికి నాలుగు. ఆ నాలుగును ఆరని దిద్దితే చాలు. పెన్సిలు నా చేతిలోనే ఉంది, అనసూయ మోచేత్తో నన్ను పొడుస్తూనే ఉంది. కానీ జీవితంలో మొదటిసారి నేను రాసింది పదిమంది ముందు చదివారు. దాన్ని నా చేత్తో నేనే కొట్టెయ్యలేకపోయాను. కప్పు రాజు పట్టుకుపోయాడు.

ఆబిడ్స్ దాకా ముగ్గురం నడిచాం. సత్యం ముందు, మేం వెనక. పన్నెండేళ్ళ ఆశ నా వల్లే పోయిందని నేను కావాలనే ఇంకో రెండడుగులు వెనకబడ్డాను. స్టేషను రోడ్డు దాటాక అనసూయకు నవ్వు మొదలైంది. ఆపుకోలేక కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయింది. నవ్వు తగ్గాక తీర్పు చెప్పింది. షాక్ కొట్టించుకున్నవాడి చేతిలో ఓడిపోతే అది ఓటమే కాదట. కాబట్టి ఇంకొక్క పోటీకి వెళ్ళొచ్చట.

సత్యం ఆగి, వెనక్కి వచ్చి, నాకు రెండు చేతులూ జోడించాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

“వచ్చే నెలలోనే పోటీలు పిన్నిగారూ. ఆ వారం మీరు తిరుపతి వెళ్ళి రండి. టికెట్టు నేను తీస్తాను.”