సిగ్నల్ దగ్గర ఆగే జయకర్

జయకర్ ఆటలో కూడా ఎర్ర లైటు దగ్గర ఆగుతాడు.

మేనకోడలు మెర్సీ లాప్‌టాప్‌లో ఉన్న గ్యాంగ్‌స్టర్ల ఆట అది. డెబ్బై ఏళ్ళ కిందటి అమెరికాలో ఏదో ఓడరేవు పట్నం. పొడవాటి కార్లు, టోపీలు, ఎప్పుడూ వాన. అందులో నాయకుడు చేపల లారీ తోలుకునేవాడు. ఒకరోజు ఓ పెద్దమనిషికి చిన్న సాయం చేస్తాడు. ఇక ఆ పెద్దమనిషి వాణ్ని వదలడు. జయకర్ వాణ్ని ‘మనోడు’ అంటాడు.

“పోనియ్యి మావయ్యా, పోలీసోళ్ళు ఎవరూ చూడట్లేదు,” అంటుంది మెర్సీ.

“నేను చూస్తున్నాగా.”

నూజివీడులో వీరభద్రరావుగారి మామిడికాయల కమిషన్ కొట్టులో ఇరవై రెండేళ్ళు వ్యాను తోలాడు జయకర్. ఇల్లు కూడా రావుగారిదే. కాయలు సర్దే షెడ్డు వెనక రెండు గదులు. ఆ గదుల ముందు అరుగు మీద, జయకర్ భార్య కృపావతిగారు పెట్టిన టీ తాగుతూ, కొన్ని ఆదివారాలు ఇదంతా విన్నాను.

ముందు ఆట గురించే చెప్పాడు. “అది చేసినోడెవడో గానీ డ్రైవర్ని కూర్చోబెట్టుకుని అడిగుంటాడండి. లోడు ఉంటే బ్రేకు ఆలస్యంగా పడుద్ది. తడి రోడ్డు మీద తిప్పితే వెనక చక్రం జారుద్ది. పెట్రోలు అయిపోతే అయిపోయినట్టే, దిగి నడవాలి. కాకపోతే పళ్ళ మార్కెట్టు సీనులో పెట్టెలు విసిరేస్తున్నారు. ఏ ఊళ్ళో విసురుతారండీ కాయని?”

కిందటేడు ఏప్రిల్ చివరి ఆదివారం. చర్చి నుంచి వచ్చి, భోంచేసి, మెర్సీ పక్కన కూర్చున్నాడు. మెర్సీ ఇక్కడే కాలేజీ క్యాంపస్‌లో ఉండి చదువుతోంది. ఆటలో పెద్దమనిషి మనోణ్ణి ఓ సందులోకి పంపించాడు. అక్కడ నిలబడ్డవాడు మనోడి చిన్ననాటి స్నేహితుడు. ఈ బటన్ నొక్కి కాల్చు, అని తెర మీద పడింది.

జయకర్ కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

“నేను వీణ్ణి ఇంటికి తీసుకుపోతానమ్మా,” అని లారీ ఎక్కి వెనక్కి తిప్పాడు. వీధి చివరికి పోగానే, వెనక్కి రా అని తెర మీద పడింది. ఇంకో వీధిలోకి పోయాడు. మళ్ళీ అదే. వంతెన మీంచి పోయాడు. అదే.

“వేరే దారి లేదా?”

“కథ అలాగే రాశారు మావయ్యా. నొక్కితేనే ముందుకి పోద్ది.”

“నొక్కకపోతే?”

“ఇలాగే ఉంటది. ఎన్నాళ్ళైనా.”

దీపస్తంభం కింద లారీ ఆపాడు. మెర్సీ అక్కడికి సేవ్ చేసింది. అప్పుడు టైము ఐదూ నలభై. ఆ టైము ఆటలో ఇప్పటికీ ఉంది.

ఏడింటికి రావుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. రావుగారి అబ్బాయి రాజీవ్ షెడ్డులోంచి వ్యాను తీసుకెళ్ళి, ఐదున్నరప్పుడు మైలవరం రోడ్డులో సైకిలు మీద పోతున్న మల్లయ్యని వెనక నుంచి గుద్ది, ఆపకుండా వచ్చేశాడు. మల్లయ్య తోటల్లో కాయ కోస్తాడు. తొడ ఎముక విరిగింది. కిందపడుతూ ఆయన చూసింది వ్యానునే. ఆ వ్యాను ఎవరిదంటే ఊళ్ళో ఎవరైనా జయకర్‌దనే చెబుతారు.

“లైసెన్సు ముందే స్టేషన్‌కి పంపించా జయకరూ. నువ్వెళ్ళి అవునంటే చాలు,” అన్నారు రావుగారు.

లైసెన్సు ఆయన దగ్గర ఎందుకుందంటే, పిందె కట్టగానే ఈ కొట్టువాళ్ళు డ్రైవర్ల లైసెన్సులు తీసుకుని సొరుగులో పెట్టుకుంటారు. సీజన్ మధ్యలో ఇంకో కొట్టువాడు పిలిస్తే పోకుండా. అప్పటిదాకా దారిలో ఎవరడిగినా జిరాక్సే చూపించాలి, కాయ అయిపోయాక తిరిగిస్తారు. అందరూ ఇస్తారు. జయకర్ కూడా ఏటా ఇచ్చినట్టే ఇచ్చాడు.

“నేను ఇంట్లో ఉన్నానండి అప్పుడు.”

“తెలుసురా. వాడికి లైసెన్సు లేదు. ఇన్సూరెన్స్ రాకపోతే నష్టం ఎవరికి? మల్లయ్యకే. మల్లయ్య కోసం చేస్తున్నాననుకో. నువ్వుండే గదులు నేనెప్పుడన్నా ఖాళీ చేయమన్నానా?”

బండి తోలింది నువ్వేనా అని స్టేషన్‌లో అడిగారు. అవునండి అన్నాడు.

“ఆటలో నొక్కని చెయ్యే అండి ఇది,” అని నాకు చెయ్యి చూపించాడు.

లైసెన్సు కేసులో ఉండిపోయింది. జయకర్ షెడ్డులో పెట్టెల్లో గడ్డి పరిచి కాయ సర్దే పనికి మారాడు. కాయ ఏరి ఇచ్చేది మంగమ్మ, మల్లయ్య భార్య. ఇంతకుముందు, “డ్రైవరు బాబూ, చిన్నరసం, దారిలో తిను,” అని ఓ పండు వ్యానులో పడేసేది. ఇప్పుడు పెట్టె అతని ముందుకి తోసి మొహం తిప్పుకుంటుంది. ఒకరోజు అందరి ముందూ అడిగేసింది.

“మనిషిని గుద్ది ఆపకుండా పోయావు. ఏ దేవుడికి మొక్కుతావయ్యా నువ్వు?”

జయకర్ తల వంచుకుని కాయ సర్దాడు. నిజం చెబితే నెత్తిన కప్పు ఉండదు. “గుద్దావంటే పడతానండి. ఆపకుండా పోయావంది. నన్ను!” అన్నాడు నాతో.

ఏడాదంతా అతను బండి తోలింది ఆటలోనే. వారం వారం ఆ పట్నంలో ఎర్ర లైటు పడ్డచోటల్లా ఆగుతూ తిరిగి, చివరికి ఆ దీపం కిందే పెట్టేవాడు. ఒకసారి పోలీస్ స్టేషన్ ముందు ఆపి మనోణ్ణి దింపాడు. తలుపు తెరుచుకోలేదు.

“అది ఉత్త బొమ్మ మావయ్యా. లోపల ఏమీ కట్టలేదు.”

జయకర్ మనోణ్ణి మళ్ళీ లారీ ఎక్కించాడట. నాతో మాత్రం ఇలా అన్నాడు. “అన్నీ నిజంలాగే ఉన్నాయండి, ఒక్కటి తప్ప. వాడు ఆగితే కథంతా ఆగి ఎదురుచూస్తది. ఇక్కడ మనల్ని ఆగనిస్తారా?”

ఈ జూన్‌లో కోర్టుకి పిలిచారు. కొట్టు గుమస్తా ప్రసాద్ వెంట వెళ్ళాడు. “ఒప్పేసుకో బావా, ఫైను రావుగారు కడతారు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం.”

మేజిస్ట్రేట్‌గారు చదివి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. ప్రసాద్ వెనక నుంచి దగ్గాడు. మేజిస్ట్రేట్‌గారు మళ్ళీ అడిగారు.

“నేను తోలలేదండి. ఆ టైముకి ఇంట్లో ఉన్నాను.”

కేసు వాయిదా పడింది. మెట్ల కింద మంగమ్మ, చేతికర్రతో మల్లయ్య నిలబడి ఉన్నారు. ఎవరు తోలారో జయకర్ చెప్పాడు. ఇన్సూరెన్స్ మాట కూడా చెప్పాడు.

“మాకోసమా? ఇంతవరకూ ఒక్కడూ మా గుమ్మం తొక్కలేదు,” అంది మంగమ్మ. మళ్ళీ తనే, “అయితే ఏడాదిగా నేను తిడుతుంటే వింటా కూర్చున్నావా?”

“కూర్చున్నా.”

“నోరెందుకయ్యా నీకు!” అని మొగుడి చెయ్యి పట్టుకుని నడిచింది. మల్లయ్య మాత్రం ఒకసారి వెనక్కి చూశాడు.

రావుగారు కేకలెయ్యలేదు. గదులు నెలాఖరుకి కావాలని ప్రసాద్‌తో చెప్పించారు.

మొన్న ఆదివారం వెళ్ళేసరికి కృపావతిగారు గిన్నెలు గోతాల్లో సర్దుతున్నారు. బాపులపాడులో ఓ గది చూశారట. లాప్‌టాప్ తెరిచే ఉంది. దీపం కింద లారీ, వాన.

“సామాను ఎందులో తీసుకెళ్తారు?” అన్నాను.

“వ్యాను మాట్లాడాలండి,” అన్నాడు జయకర్. “డ్రైవర్ని కూడా.”